పాత తుపాకీ బాగు చేయించేవాళ్ళు జాగ్రత్త, బ్యారెల్ కొలిచి చూపించకుండా రూపాయి ఇవ్వొద్దు

మన తిరుపతి, చిత్తూరు పక్క తాతల కాలం తుపాకీలు లైసెన్స్ మీద పెట్టుకున్నోళ్ళు చానామంది ఉన్నారు, పలమనేరు కుప్పం సైడు చేని కాపలా లైసెన్సులైతే చెప్పనే అక్కర్లేదు, వాళ్ళందరూ ఇది పూర్తిగా చదవండి అన్నా. దుడ్లు పోవడం ఒక ఎత్తు, చెయ్యి పోవడం ఇంకో ఎత్తు. నాకు దుడ్లు పోయినాయి, చెయ్యి మిగిలింది.

మా అబ్బ పేరు మీద ఉన్నింది ఒక 12 బోర్ డబుల్ బ్యారెల్, బర్మింగ్‌హామ్‌ది, బయట హ్యామర్లు ఉండే పాత మోడలు, బ్యారెల్ మీద పాము చర్మం మాదిరి గీతలుంటాయి, దాన్నే డ్యామస్కస్ బ్యారెల్ అంటారు. తర్వాత మా నాయన లైసెన్సులోకి, ఇప్పుడు నా లైసెన్సులోకి వచ్చింది. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ చేయాలి కదా, అక్కడ చెమ్మకు తుప్పు పట్టింది, చెక్క పిడి అంటే స్టాక్‌లో చెయ్యి పట్టుకునే సన్నటి చోట చీలిక కూడా వచ్చింది. సరే కాల్చేదానికి సేఫ్‌గా చేయిద్దామని పక్క రాష్ట్రంలో లైసెన్స్ ఉన్న ఒక రిపేర్ షాపుకు ఇచ్చినా. పేరు రాయట్లేదు, ఇట్లాంటి పని ఏ షాపులోనైనా జరగొచ్చు.

ముందు ఇరవై వేలు అన్నారు. తర్వాత ఫోన్ చేసి స్ప్రింగులు పోయినాయి సార్ అన్నారు, ఇంకోసారి ఫైరింగ్ పిన్నులు అన్నారు, బ్యారెల్ కీలు దగ్గర వదులైంది టైట్ చేయాల అన్నారు, స్టాక్ అతకాల, బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా ఇనుముకు నల్ల పూత) వేయాల, ఇట్ల పోతా పోతా అరవై వేలు దాటించినారు. ప్రతిసారీ 'సేఫ్టీ కోసమే సార్' అనే మాటే. తుపాకీ వచ్చినప్పుడు నిజంగా కొత్త పెళ్ళికొడుకు మాదిరి మెరిసిపోతా ఉన్నింది, ఆ గీతలు కూడా కనపడకుండా నల్లగా నిగనిగలాడింది. బిల్లులో మాత్రం 'సర్వీసు, పాలిషు, విడిభాగాలు' అని ఒక్క లైను, బ్యారెల్ గురించి ఒక్క కొలతా లేదు.

కాల్చకముందు ఈ పనిలోనే తల నెరిసిన ఇంకో పెద్దాయనకు చూపించినా. ఆయప్ప బ్యారెళ్ళు విడదీసి, కింద కొక్కెం దగ్గర దారం కట్టి వేలాడదీసి వేలితో తట్టినాడు. రెండు గొట్టాల మధ్య అతుకు గట్టిగా ఉంటే గంట మాదిరి మోగాలంట, ఇది పగిలిన కుండ మాదిరి బొంగురుగా పలికింది. ఎందుకంటే పాత ఇంగ్లీషు బ్యారెళ్ళు మధ్యలో ఉండే పట్టీలతో సీసం తగరం అతుకుతో అంటించి ఉంటాయి, వేడి కాస్టిక్ తొట్టిలో ముంచి చేసే ఇప్పటి బ్లూయింగ్ ఆ అతుకును తినేస్తుంది. డ్యామస్కస్‌కు ఆ పని చేయనే కూడదు, దానికి పాత పద్ధతిలో మెల్లగా తుప్పు పట్టించి రుద్దే బ్రౌనింగ్ ఉంది. అది తెలీక చేసినారో, తెలిసీ తొందరగా అయిపోతుందని చేసినారో, నాకైతే తెలిసే చేసినారనిపిస్తుంది.

ఇంకా ఉంది. లోపల గుంటలు కనపడకుండా గీకి నున్నగా చేసినారు. గుంట పోయింది, దాంతో పాటు ఇనుము కూడా పోయింది. పెద్దాయన గేజ్ పెట్టి గోడ మందం కొలిస్తే ఎడమ బ్యారెల్‌లో ఒకచోట 0.4 మిల్లీమీటర్లే వచ్చింది, 0.5 కంటే తక్కువుంటే కాల్చొద్దంటారు ఈ పని తెలిసినోళ్ళు. అది కూడా సరిగ్గా ముందుచెయ్యి పట్టుకునే చోటు దగ్గరే. అన్నిటికంటే ఘోరం ఏందంటే, తూటా కూర్చునే చాంబర్ 65 మిల్లీమీటర్లు ఉండేదాన్ని నన్ను అడక్కుండా 70 కి తొలిచినారు, ఇప్పటి తూటాలు పట్టాలని. తొలిస్తే అక్కడ గోడ ఇంకా పల్చనవుతుంది, ఒత్తిడి ఎక్కువగా ఉండేది కూడా అక్కడే. పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న 'నాయనా, దీంట్లో తూటా ఏసినావా?' లేదన్నాను. అప్పుడు కూర్చోమని నీళ్ళిచ్చినాడు.

ఎందుకింత భయం అంటే, ఇనుము ఉక్కు పట్టీలు మెలేసి అతికి చేసిన ఆ బ్యారెళ్ళు బ్లాక్ పౌడర్ (పాతకాలం పొగొచ్చే నల్ల మందు) కోసం చేసినవి. ఇప్పటి పొగలేని మందుకు సరిపోతుందని ఇంగ్లండ్‌లో విడిగా నైట్రో ప్రూఫ్ పరీక్ష 1896 నుంచి మొదలైంది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (తుపాకీ తట్టుకుంటుందో లేదో పరీక్షించి ముద్ర వేసే చోటు) 1813 నుంచే ఉంది, బ్యారెల్ కింద దాని ముద్రలుంటాయి, అవి చూడండి. 'నాట్ ఫర్ బాల్' (ఒంటి గుండు కాల్చొద్దని) అని కొట్టి ఉంటే అది 1875 నుంచి 1887 మధ్యది, అంటే నైట్రో పరీక్ష రాకముందు తుపాకీ. డ్యామస్కస్ అన్నీ పనికిరావని కాదు, నైట్రో ప్రూఫ్ పాసైనవి కూడా ఉన్నాయి, కానీ ఆ ముద్ర పడినప్పటి లోపలి కొలతకూ ఇప్పటి కొలతకూ తేడా హద్దు దాటితే ఆ ముద్రకు విలువ లేదు. షాపోళ్ళు ఆ ముద్రలు కూడా పాలిష్‌లో సగం అరగదీసినారు, అది నాకు దుడ్ల కంటే ఎక్కువ బాధ.

అడిగితే 'పాత తుపాకీ అంటే అంతే సార్, గ్యారంటీ ఉండదు' అన్నారు. అట్లయితే సేఫ్టీ పేరు చెప్పి ఎందుకు తీసుకున్నట్టు?

ఖర్చు సంగతి పెద్దాయన చెప్పింది చెప్తా ఉండా. స్టాక్ అతకడం, లాకులు (తూటా పేల్చే యంత్రం) విప్పి కడగడం, పిన్నులు, ఇవి చిన్న పనులు. అసలు ఖర్చంతా బ్యారెల్‌లోనే. పల్చబడితే చాంబర్‌కు ముందువైపు బ్యారెల్ కోసి కొత్త గొట్టాలు దించాల, దాన్ని స్లీవింగ్ అంటారు, తర్వాత మళ్ళీ ప్రూఫ్ చేయించాల, అంత పని అందరికీ రాదు, ఆ రేటుకు కొత్త దేశీ డబుల్ బ్యారెల్ ఎంతకొస్తుందో ముందు కనుక్కోండి. అందుకే ఇచ్చేముందే ఎదురుగా రెండు బ్యారెళ్ళ బోరు (లోపలి వెడల్పు), గోడ మందం, చాంబర్ పొడుగు కొలిపించి కాయితం మీద రాయించుకోండి, పని అయినాక మళ్ళీ అవే కొలిపించండి. అడక్కుండా చాంబర్ ముట్టుకోకూడదు, వేడి బ్లూయింగ్ వద్దు అని కూడా రాయించండి. రసీదులో తుపాకీ నంబరు, వాళ్ళ లైసెన్స్ నంబరు ఉండాల. ఇంకోటి, మీ లైసెన్సులో ఏరియా ఎంతవరకు రాసుంటే అంతవరకే తీసుకుపోవాల, పక్క రాష్ట్రం పోయేముందు అది చూసుకోండి.

కొనేవాళ్ళకు ఒక మాట. 'ఇది యాంటిక్ అన్నా, లైసెన్స్ అక్కర్లేదు' అని అమ్ముతారు కొందరు, నమ్మొద్దు. ఆయుధాల చట్టం 1959 లో సెక్షన్ 45 మినహాయింపు ఇచ్చేది రిపేర్ చేసినా చేయకపోయినా పేలనే పేలని వాటికి. బాగు చేస్తే పేలుతుందంటే లైసెన్స్ కావాల్సిందే. లైసెన్స్ ఉన్న మనిషి దగ్గర కొన్నా అమ్మేవాళ్ళు కలెక్టర్‌కో స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాల, పైగా 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకీలే.

నాది ఇప్పుడు బ్యారెళ్ళు విప్పి బీరువాలో పెట్టినా, కొలతల కాయితం జతచేసి షాపుకు నోటీసు పంపినా, కన్స్యూమర్ కమిషన్‌లో కేసు వేస్తా ఉండా. మీలో ఎవరన్నా ఈమధ్య పాత డబుల్ బ్యారెల్‌కు మెరిసే నల్ల బ్లూయింగ్ వేయించుకుని ఉంటే, కొత్త తూటా ఒక్కటి కూడా వేయకముందే తెలిసిన మనిషి దగ్గర తట్టించి, గేజ్‌తో కొలిపించండి.