"ఆల్టర్నేటర్ ఓవర్‌హాల్ అయింది" అని చెప్పి అమ్మే చిన్న విమానాలతో జాగ్రత్త

సెకండ్ హ్యాండ్‌లో చిన్న విమానం కొందామని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "ఎలక్ట్రికల్ పనంతా కొత్తగా చేయించాం, ఆల్టర్నేటర్ ఓవర్‌హాల్ అయింది" అన్న మాట, దానికి తగ్గట్టు లాగ్‌బుక్‌లో సంతకంతో సహా ఎంట్రీ చూసి మేం నాలుగు సీట్ల విమానం కొన్నాం. ఆల్టర్నేటర్ అంటే ఇంజిన్‌తో పాటు తిరుగుతూ విమానానికి కరెంటు ఇచ్చే యంత్రం, ఓవర్‌హాల్ అంటే దాన్ని పూర్తిగా విప్పి బాగు చేయడం. కొన్నాక ఒకరోజు గాల్లో ఉండగా కరెంటు పోయింది. క్షేమంగానే దిగాం. కానీ విప్పి చూశాక బయటపడ్డ సంగతులు ఇంకొకరి ప్రాణం మీదికి రాకూడదని రాస్తున్నాను.

సాయంత్రం, ఆకాశం నిర్మలంగా ఉంది, పక్క సీట్లో స్నేహితుడు. లో-వోల్టేజ్ లైటు ఒకసారి మినుకుమని ఆరిపోయింది. కాసేపటికి మళ్లీ వెలిగి అలాగే ఉండిపోయింది. అమ్మీటర్ ముల్లు డిశ్చార్జ్ వైపు వాలింది. 14 దగ్గర ఉండాల్సిన వోల్టేజ్ 12.4 చూపిస్తోంది. అంటే ఆల్టర్నేటర్ కరెంటు ఇవ్వడం మానేసింది, రేడియో నుంచి లైట్ల దాకా అన్నీ బ్యాటరీనే లాగుతున్నాయి.

ఇంజిన్ కూడా ఆగిపోతుందేమో అని నా స్నేహితుడికి టెన్షన్. మామూలు పిస్టన్ ఇంజిన్‌కి ఆ భయం లేదు. స్పార్క్ ఇచ్చే రెండు మాగ్నెటోలు ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ వాటి కరెంటు అవే పుట్టించుకుంటాయి. కంప్యూటర్‌తో నడిచే డీజిల్ ఇంజిన్ల సంగతి మాత్రం వేరు. 2007లో జర్మనీలోని స్పేయర్‌లో డైమండ్ డీఏ42 అనే రెండు డీజిల్ ఇంజిన్ల చిన్న విమానం, బ్యాటరీ డిశ్చార్జ్ అయితే బయటి నుంచి కరెంటు ఇచ్చి స్టార్ట్ చేసుకుని బయల్దేరింది. టేకాఫ్ అయ్యాక చక్రాలు పైకి లాగుతుంటే వోల్టేజ్ పడిపోయి రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. అలాంటి విమానం కొనేవాళ్లు బ్యాటరీని ఇంజిన్‌లో భాగంగానే చూడాలి.

చెక్‌లిస్ట్ ప్రకారం ఆల్టర్నేటర్ స్విచ్ ఆపి మళ్లీ వేశాను. ఓవర్‌వోల్టేజ్ వల్ల ట్రిప్ అయ్యుంటే దీంతో తిరిగి వస్తుంది. లైటు ఆరింది. అంతలోనే ఆల్టర్నేటర్ ఫీల్డ్ బ్రేకర్ (ఆల్టర్నేటర్ లోపలి అయస్కాంతానికి వెళ్లే కరెంటు ఎక్కువైతే దాన్ని ఆపేసే బటన్) టక్కున బయటికొచ్చింది. దాన్ని మళ్లీ నొక్కలేదు. బ్రేకర్ దూకిందంటే ఎక్కడో షార్ట్ అవుతోందనో, ఏ వైరో వేడెక్కుతోందనో అనుకోవాలి. అదే 2007లో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో సెస్నా 310 అనే చిన్న విమానం ఇళ్ల మీద కూలి ఐదుగురు చనిపోయారు. అంతకుముందు ప్రయాణంలోనే వాతావరణ రాడార్ దగ్గర కాలిన వాసన వస్తే ఆ బ్రేకర్ లాగేశారు. బాగు చేయించకుండానే విమానం మళ్లీ ఎగిరింది. ఈసారి ఆ బ్రేకర్ తిరిగి నొక్కి ఉంటారని దర్యాప్తులో తేలింది. అందుకే నాకు ఆ బటన్ మీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు.

రేడియో గట్టిగా పలుకుతున్నప్పుడే కంట్రోలర్‌కి విషయం చెప్పేశాను: ఆల్టర్నేటర్ పోయింది, దగ్గర్లో టవర్ ఉన్న రన్‌వేకి వస్తున్నాం, మధ్యలో గొంతు ఆగిపోతే లైట్ సిగ్నల్స్ కోసం చూస్తాం. ఇది ఆలస్యం చేయొద్దు. రేడియో వినడానికి కొంచెం కరెంటు చాలు, మాట్లాడే బటన్ నొక్కితే దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. తర్వాత పీటో హీట్ (వేగం కొలిచే గొట్టాన్ని వేడిగా ఉంచే హీటర్), ల్యాండింగ్ లైటు, రెండో రేడియో, ఆటోపైలట్ అన్నీ ఆపేశాం. దారి టాబ్లెట్‌లో చూసుకున్నాం, దాని బ్యాటరీ దానికుంది.

బ్యాటరీ మీద అరగంట నడుస్తుందని అందరూ అంటారు. అది ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ లెక్క, అదీ లోడు తగ్గించాక. మాకు అంతకు చాలా ముందే కంట్రోలర్ మాట ముక్కలైపోయింది, డిస్‌ప్లే మసకబారింది, ఇంధనం గేజ్‌ల ముళ్లు రెండూ కిందికి జారాయి. ట్యాంకుల్లో పెట్రోలు ఉంది, గేజ్‌కే కరెంటు లేదు. తెలియనివాళ్లు ఆ ముళ్లు చూసి కంగారులో తప్పుడు నిర్ణయం తీసుకునే ప్రమాదం ఉంది. ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి దించే పలకలు, ఇవీ కరెంటుతోనే కదులుతాయి) అసలు దించలేదు. పూర్తిగా దించాక బ్యాటరీ చచ్చిపోతే, మళ్లీ పైకి లేవాల్సి వచ్చినప్పుడు అవి ముడుచుకోవు. రన్‌వే పొడవుగా ఉంది, కొంచెం వేగంగానే వచ్చి దిగాం. టవర్ నుంచి స్థిరంగా ఆకుపచ్చ లైటు, అంటే దిగడానికి అనుమతి, కనిపించిన క్షణం ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఇక అసలు సంగతి. మా మెకానిక్ ఇంజిన్ మీది కప్పు (కౌలింగ్) తీశాడు. ఆల్టర్నేటర్‌కి వెళ్లే ఫీల్డ్ వైరు చివర నొక్కి బిగించిన లోహపు కొస (క్రింప్) నల్లగా మాడిపోయి ఉంది. ఇన్సులేషన్ బిరుసెక్కి, వేలితో తాకితే పెచ్చులుగా రాలుతోంది. లోపలి రాగి బయటపడి బ్రాకెట్‌కి తగులుతోంది, బ్రేకర్ దూకింది అందుకే. ఆల్టర్నేటర్ విప్పితే, తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు దాదాపు మొదలంటా అరిగిపోయాయి, అవి రాసుకునే స్లిప్ రింగ్‌ల మీద గాడి పడింది. మేం కొన్నాక ఆ విమానం ఎక్కువ ఎగరలేదు. నిజంగా ఓవర్‌హాల్ చేసి ఉంటే బ్రష్‌లు ఇలా ఉండే అవకాశమే లేదు.

లాగ్‌బుక్ ఎంట్రీలో "ఓవర్‌హాల్ అయిన ఆల్టర్నేటర్ బిగించాం" అని ఉంది కానీ పార్ట్ నంబరు, సీరియల్ నంబరు రెండూ లేవు. పట్టుబట్టి అడిగితే అమ్మినాయన 8130-3 ట్యాగ్ (ఆ భాగం వాడకానికి పనికొస్తుందని ఇచ్చే అమెరికా ధ్రువపత్రం) కాపీ పంపాడు. అందులో చేసిన పని అన్న గడిలో "తనిఖీ, పరీక్ష" అని మాత్రమే ఉంది. సీరియల్ నంబరు మా ఆల్టర్నేటర్ ప్లేటు మీదున్నది కాదు. అమెరికా నిబంధనల ప్రకారం భాగాన్ని విప్పి, శుభ్రం చేసి, తనిఖీ చేసి, అవసరమైన మరమ్మతులు చేసి, తిరిగి బిగించి, ఆమోదించిన పద్ధతిలో పరీక్షిస్తే తప్ప దాన్ని ఓవర్‌హాల్ అని రికార్డులో రాయకూడదు. ఇది అడిగితే "చూసుకునే కదా తీసుకున్నారు, ఉన్నది ఉన్నట్టుగా అని కాగితంలో రాసుకున్నాం" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే ట్యాగ్ అసలు కాగితం చూడండి, 8130-3 అయినా, యూరప్‌లో దానికి సాటి అయిన ఈఏఎస్ఏ ఫారం 1 అయినా. దాని మీది సీరియల్ నంబరు ఇంజిన్ మీదున్న భాగంతో కలవాలి. అమ్మేవాళ్ల మెకానిక్‌తో కాకుండా మీ మెకానిక్‌తో చూపించండి, బ్రష్‌లు, ఫీల్డ్ వైరు ప్రత్యేకంగా చూడమనండి. నేల మీద ఇంజిన్ రన్ చేస్తూ లైట్లు, పీటో హీట్, రేడియోలు అన్నీ ఒకేసారి వేసి వోల్టేజ్ నిలబడుతుందో లేదో కాసేపు చూడండి. ఐదు నిమిషాల్లో ముగించేయొద్దు, వేడెక్కాకే కొన్ని లోపాలు బయటపడతాయి. బ్యాటరీకి కెపాసిటీ టెస్ట్ ఎప్పుడు చేశారో రికార్డు అడగండి. మాది స్టార్ట్ చేయడానికి చక్కగా పనికొచ్చేది, ఆల్టర్నేటర్ లేనప్పుడు లోడు మోయడానికి మాత్రం పనికి రాలేదు. ఒప్పందంలో "ఓవర్‌హాల్" అని ఊరికే రాయించుకోకుండా ఆ భాగం సీరియల్ నంబరుతో సహా రాయించుకోండి.

మాకు అమ్మినాయన ఇంకా విమానాలు అమ్ముతున్నాడు, ప్రకటనల్లో అదే వాక్యం కనిపిస్తోంది. ఎవరి దగ్గర కొంటున్నా ముందు ఆల్టర్నేటర్ ప్లేటు, దాని ట్యాగ్ ఒకే ఫొటోలో పంపమని అడగండి. పంపకపోతే విమానం చూడటానికి కూడా వెళ్లొద్దు.