త్రీనాట్‌త్రీ మీద మోజు: హైదరాబాద్‌లో ఏ దారి మేలు?

ఆదివారం రాత్రి పడుకోబోతుంటే డాలస్ నుంచి బావ వీడియో కాల్. అక్కడ మిట్టమధ్యాహ్నం. గరాజ్‌లో నిలబడి ఉన్నాడు, ఒక చేతిలో గరాటా, ఇంకో చేతిలో టీ కెటిల్. కాగే నీళ్లు పాత రష్యన్ రైఫిల్ గొట్టంలోకి పోస్తున్నాడు. కింద బకెట్‌లోకి నల్లటి నీళ్లు కారుతున్నాయి.

"పొద్దున రేంజ్‌లో నలభై తూటాలు కాల్చా. పాత సోవియట్ సరుకు కదా, క్యాప్‌లో మందు పేలాక గొట్టంలో ఉప్పు మిగిలిపోతుంది. నూనె ఎంత రాసినా ఉప్పు పోదు, నీళ్లతో కడగాల్సిందే. లేదంటే తుప్పు తినేస్తుంది."

వెనక నుంచి అక్క గొంతు: "ఆ గరాటా మళ్లీ నా కిచెన్‌లోకి వచ్చిందో, చూడు!"

అది మోసిన్ నాగాంట్. జార్ల కాలంలో, 1891లో పుట్టిన మోడల్. బావ దగ్గరున్నదాని మీద 1943 అని ముద్ర ఉంది. ఒకప్పుడు వంద డాలర్ల లోపే దొరికేవట. కాస్మోలిన్ అనే జిడ్డులో మునిగి వచ్చిన దాన్ని తుడవడానికే రెండు శనివారాలు పట్టిందన్నాడు.

నా మోజు మోసిన్ మీద కాదు, మన త్రీనాట్‌త్రీ మీద, అంటే .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మీద. చిన్నప్పుడు పోలీస్ స్టేషన్ గేటు దగ్గర సెంట్రీ చేతిలో చూసి కళ్లప్పగించిన తుపాకి. బావ చేసేది ఇక్కడ చేయాలంటే ఏం దారి ఉందని అప్పట్నుంచి తిరిగాను. తిరిగాక తెలిసిందేమంటే, నాకున్నది ఒక పిచ్చి కాదు, రెండు. దాచుకునే పిచ్చి వేరు, కాల్చే పిచ్చి వేరు. బావకు రెండూ ఒకే తుపాకితో తీరతాయి. మన చట్టం ఆ రెంటినీ విడదీసి కూర్చుంది. కాబట్టి మీకున్నది ఏ పిచ్చో ముందు తేల్చుకోండి.

అసలు త్రీనాట్‌త్రీ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా: కుదరదు. .303, 7.62 లాంటివి మన దగ్గర ప్రొహిబిటెడ్ బోర్, అంటే గొట్టం కొలతను బట్టి మామూలు జనానికి నిషేధించిన రకం. 1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో అదే పాత నమూనాను 7.62కి మార్చి 2ఎ, 2ఎ1 అని చేశారు. చూడముచ్చటగా ఉంటాయి, కానీ అవీ అంతే. పోలీసులు పక్కనపెట్టిన తుపాకుల్ని సర్కారు మనకు అమ్మదు. లైసెన్స్ లేకుండా అలాంటిది ఇంట్లో దొరికితే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత శిక్ష ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా. "ఊళ్లో ఒకాయన దగ్గర ఉందట" అని ఎవరైనా చెవిలో చెబితే అక్కణ్నుంచి లేచి రండి.

ఇక మిగిలిన దారుల్లో అందరి నోటా ముందు వచ్చేది .315 రైఫిల్. ఇది త్రీనాట్‌త్రీకి తోడబుట్టినట్టే ఉంటుంది. అదే ఇషాపూర్‌లో, ప్రతి తూటాకీ చేత్తో పిడి లాగి తోసే అదే లీ ఎన్‌ఫీల్డ్ బోల్ట్ పద్ధతిలో, సైన్యం తూటా పట్టకుండా వేరే బోర్‌తో చేసింది. తమాషా ఏంటంటే దాని తూటాకు మూలం ఆస్ట్రియా వాళ్ల పాత మాన్‌లిషర్ తూటా. ఇంగ్లిష్ వాడి బోల్ట్, ఆస్ట్రియా వాడి తూటా, బెంగాల్ తయారీ!

దాన్ని చూద్దామని ఆబిడ్స్ వైపు ఒక ఆయుధాల దుకాణానికి వెళ్లాను. గల్లాపెట్టె దగ్గర పెద్దాయన కళ్లద్దాల పైనుంచి చూసి, "లైసెన్స్ ఉందా?" అన్నాడు. లేదన్నాను. "అయితే చూసుడే, ముట్టుడు లేదు" అన్నాడు. తర్వాత మెత్తబడి బోల్ట్ ఒకసారి వెనక్కి లాగి ముందుకు తోసి చూపించాడు. ఆ చప్పుడు కోసం ఇంకో పదిసార్లు వెళ్లొచ్చు. మూసేటప్పుడు చివర్లో కాస్త బిగుసుకుంటుంది, స్ప్రింగ్ అప్పుడే ఎక్కుతుంది కాబట్టి.

"తీస్కొని ఏం జేస్తవ్ బిడ్డా?" అని ఆయనే అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. సిటీలో లైసెన్స్ ఇచ్చేది కమిషనర్. తుపాకి ఎందుకు కావాలో చూపించాలి, 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాలి, పోలీసు విచారణ జరగాలి. ఇదంతా దాటారనుకుందాం. వేటంటారా, 1972 వన్యప్రాణుల చట్టం తర్వాత ఆ మాటే లేదు. రేంజ్ అంటారా, సిటీలో కనిపించేవి ఎక్కువగా పది మీటర్ల ఎయిర్ రేంజ్‌లే, అంత పెద్ద తూటా అక్కడ కాల్చనివ్వరు. తూటాలు కూడా లైసెన్స్‌లో రాసినన్నే. ఎన్నికల కోడ్ వస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. పైగా 2019 నుంచి మామూలు మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. రెండింటిని కలెక్షన్ అంటారా? నన్నడిగితే .315 దారి తాత పేరున లైసెన్స్ తుపాకి ఉండి, వారసుడిగా మీ పేరున మార్పించుకునే వాళ్లకే. సరదా కోసం కొత్తగా మొదలుపెట్టేవాడికి కాదు.

రెండోది ఎయిర్ రైఫిల్. నేనూ మొదట మూతి విరిచాను, జాతరలో బెలూన్లు పేల్చే తుపాకి కదా అని. .177 బోర్‌కు, ఇరవై జౌల్స్ శక్తికి మించనిదైతే లైసెన్స్ అక్కర్లేదు. అమ్మేవాళ్లు గుర్తింపు కార్డు కాపీ తీసుకుంటారు, అంతే. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు పతకం కొట్టింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే, పెరిగింది మన హైదరాబాద్‌లోనే. ఈషా సింగ్ కూడా ఇక్కడి అమ్మాయే, ఆమెది పిస్టల్.

పది మీటర్ల కాగితం మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. మనం వదిలే పెల్లెట్ నాలుగున్నర మిల్లీమీటర్లు. అంటే చుక్క కంటే గుండే తొమ్మిది రెట్లు పెద్దది. ఈ లెక్క తెలిశాక నా మూతి సర్దుకుంది.

మొదటి రోజు క్లబ్ రైఫిల్‌తో పది కాల్చాను. మూడు నల్లటి వలయం బయటే పడ్డాయి. కోచ్ ఏమీ అనలేదు, పెల్లెట్ల డబ్బా తీసి పక్కన పెట్టేశాడు. వారం రోజులు గుండు లేకుండా ఉత్త ట్రిగ్గరే. "గుండు పోయాక కూడా అక్కడే చూస్తుండాలి, వెంటనే తల ఎత్తకు" అన్నది ఒక్కటే పాఠం. కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపులో .22తో ఐదు గుళ్లు కాల్చినప్పుడు నేను చేసిన తప్పు అదేనని ఇన్నేళ్లకు తెలిసింది. ప్రతి గుండుకీ తల ఎత్తి, ఎక్కడ తగిలిందా అని తొంగిచూసేవాణ్ని.

లోటు లేదని అనను. మందు వాసన లేదు, భుజానికి ఆనించే చెక్క కుందా చల్లదనం లేదు, ఎనభై ఏళ్ల కిందట దీన్ని ఎవడు మోశాడో అన్న ఊహ లేదు. కానీ క్లబ్‌లో కుదురుకుంటే తర్వాతి మెట్టు .22 బోల్ట్ రైఫిల్. ఇక్కడో చిన్న కిటుకుంది. 1959 ఆయుధాల చట్టంలో మిగతా చాలావాటికి సరైన కారణం ఉందని అధికారికి అనిపిస్తేనే లైసెన్స్. గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్ సభ్యుడు టార్గెట్ ప్రాక్టీసుకు .22 అడిగితే మాత్రం, ఇతరత్రా అభ్యంతరం లేకపోతే, ఇవ్వాలనే రాసి ఉంది. విచారణ తప్పదు, ఆలస్యమూ తప్పదు. అయినా "ఏం జేస్తవ్ బిడ్డా" అంటే చెప్పడానికి జవాబుంటుంది.

కాల్చకపోయినా పర్లేదు, పాత సరుకు చేతిలో ఉంటే చాలు అనుకునేవాళ్లది మూడో దారి. ఇందులో హైదరాబాద్‌ను మించిన ఊరు నాకు తెలియదు. సాలార్‌జంగ్‌లో ఆయుధాల గది ఉంది, చౌమహల్లాలో ఇంకోటి. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమాండ్ ఫిరంగులు పోయించిన తోప్ కా సాంచా పేరే ఇవాళ్టి గన్‌ఫౌండ్రీ. బస్సులో రోజూ దాని ముందునుంచే పోతాం.

జుమేరాత్ బజార్‌లో ఒక గురువారం బోల్టులు, తాళాల కుప్పలో వేలంత ఇత్తడి సీసా దొరికింది. మర మూత తిప్పితే దానికి అతుక్కుని సన్నటి చెంచా బయటికొచ్చింది. అమ్మేవాడు సుర్మా సీసా అన్నాడు, ఎనభై రూపాయలు చెప్పాడు. బేరం కూడా ఆడలేదు నేను. అది లీ ఎన్‌ఫీల్డ్ కుందా లోపల దాచే నూనె సీసా! ఇంటికొచ్చి గుడ్డతో రుద్దుతుంటే మూత అంచున ఇంకా జిడ్డుంది.

ఇలాంటివి, పాత తోలు పట్టీలు, మాన్యువళ్లు ఎన్నైనా పోగేసుకోండి. తుపాకి దగ్గరికొచ్చేసరికి ఆగండి. పాత నమూనాదో పాడైనదో అయినంత మాత్రాన చట్టం వదలదు. రిపేరు చేసినా సరే ఇక పేలని స్థితిలో ఉంటేనే మినహాయింపు. ఆ సంగతి తేల్చేది మీరూ అమ్మేవాడూ కాదు. గొట్టం మూతి నుంచి మందు కూరే పల్లెల్లోని భర్మార్ తుపాకికి కూడా లైసెన్స్ కావాలి. చివరికి బయొనెట్ పేరు కూడా నిబంధనల జాబితాలో ఉంది. వందేళ్లు దాటినవాటికి 1972 పురావస్తువుల చట్టం వేరే.

విజిటర్ వీసా మీద అమెరికా పోయి బావ రైఫిల్ కాల్చి రావచ్చు కదా అని నాలుగో ఆలోచన వచ్చింది. ఆ వీసాల మీద వెళ్లినవాళ్లు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి పట్టుకోవడమే అక్కడి ఫెడరల్ చట్టానికి విరుద్ధం. బావకు పౌరసత్వం ఉంది, నాకు లేదు. ఆ ఆలోచన అక్కడికే సరి.

నేను రెండో దారిలో నడుస్తున్నాను, మూడో దారిలో అప్పుడప్పుడు తొంగిచూస్తున్నాను. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, నెల జీతం ఉన్నవాడికి ఇదే నయం. లాకర్ బెంగ లేదు, ఎన్నికలొస్తే స్టేషన్ చుట్టూ తిరగడం లేదు, శనివారం పొద్దున రెండు గంటలు హాయి.

వచ్చే సంక్రాంతికి బావావాళ్లు వస్తున్నారు. గుర్తుగా ఖాళీ తూటా తొడుగు ఒకటి జేబులో వేసుకొస్తానన్నాడు. శంషాబాద్ స్కానర్ దగ్గర అక్క ముందు నిలబడి జవాబు చెప్పుకోవాల్సింది నువ్వేనన్నాను. కాసేపు ఆలోచించి, "పోనీ రైఫిల్‌తో వచ్చిన తోలు పట్టీ తేనా?" అన్నాడు. అది మాత్రం మర్చిపోవద్దన్నాను.