రాతల బండల వెంట: తిరుపతి చుట్టూ మూడు రోజులు

మా మామయ్య ఏ పాత గుడికి వెళ్ళినా ముందు జరిమానా చదువుతారు. పురావస్తు శాఖ వారి నీలం బోర్డు అడుగున ఉండే ఆ రెండు వరుసలను బట్టి బోర్డు ఎప్పటిదో చెప్పేస్తారు. మూడు నెలల జైలు, అయిదు వేల రూపాయల జరిమానా అని ఉంటే అది 1958 నాటి చట్టంలోని మాట. రెండేళ్ళ జైలు, లక్ష రూపాయలు అని ఉంటే 2010లో చట్టాన్ని సవరించిన తరువాత రాయించిన బోర్డు. ఆయన రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. మైలురాయి తల పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగైతే పల్లె దారి అని నాకు పదేళ్ళ వయసులో నేర్పింది ఆయనే. దారి పక్కన రాయి కనిపిస్తే బండి ఆపే అలవాటు అప్పుడే అంటుకుంది.

తిరుపతికి దర్శనం కోసం ఎన్నిసార్లు వెళ్ళామో లెక్క లేదు. ఈసారి కొండ ఎక్కకుండా, కింద చుట్టుపక్కల ఉన్న శాసనాలు, వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు), బోర్డులు మాత్రమే చూడాలని మూడు రోజులు పెట్టుకున్నాం. కొండ మీది సంగతి వేరు. తిరుమల, తిరుపతి ఆలయాల్లో వెయ్యికి పైగా శాసనాలున్నాయి. వాటిని సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి వంటి పండితులు చదివి పెట్టగా, దేవస్థానం 1930ల్లోనే సంపుటాలుగా అచ్చు వేయించింది. శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి 1513 ఫిబ్రవరిలో స్వామిని దర్శించుకున్న సంగతి మనకు తేదీతో సహా తెలిసిందంటే ఆ రాళ్ళ పుణ్యమే. కానీ క్యూలో నిలబడి గోడలు చదవడం కుదిరే పని కాదు.

ముందు బస మాట. బస్టాండు ఎదుట శ్రీనివాసం, రైల్వే స్టేషను ఎదుట విష్ణునివాసం దేవస్థానం వారివి. శుభ్రం, ధర రెండూ బాగుంటాయి. అయితే సర్వదర్శనం టోకెన్లు ఇచ్చేది కూడా అక్కడే కనుక తెల్లవారుజాము నుంచే జనం ఉంటారు. దర్శనానికి వచ్చేవారికి అంతకన్నా మంచి చోటు లేదు. మేము దర్శనానికి రాలేదు కనుక ఒక గదిని అడ్డుకోవడం న్యాయం కాదనిపించి ప్రైవేటు లాడ్జిలో దిగాం. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు అన్నారు, ఉదయం ఏడు దాటితే చన్నీళ్ళే. అంతకన్నా బాధపెట్టింది వారు కుదిర్చిన కారు. మొదటి రోజు సాయంత్రం బిల్లులో కొండదారి చార్జీ వేశారు. కొండ వైపే వెళ్ళలేదని అరగంట వాదిస్తే గాని తీసేయలేదు. రాళ్ళ కోసం తిరిగేవారు కారును గుడుల లెక్కన మాట్లాడుకోకూడదు, రోజు లెక్కన మాట్లాడుకోవాలి. దారిలో ఎన్నిసార్లు ఆగుతామో ముందే చెప్పాలి.

మొదటి ఉదయం గుడిమల్లం. రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా వెళ్ళాలి. బస్సులో వచ్చేవారు పేట దాకా వచ్చి అక్కడ ఆటో మాట్లాడుకోవడం మేలు. పేట గాజు పూసలకు పేరున్న ఊరు. కొలిమిలో కరిగిన గాజును సన్నని గొట్టంలా లాగి, ముక్కలు కొట్టి పూసలు చేసే పాత పద్ధతి ఇక్కడివారి చేతుల్లో ఉంది. ఆగి చూడండి, కాకపోతే తిరుగు ప్రయాణంలో. పొద్దెక్కక ముందే గుడి చేరాలి.

పరశురామేశ్వరాలయం బయటి నుంచి చూస్తే చిన్నదే. వెనకవైపు విమానం ఏనుగు వీపులా గుండ్రంగా తిరుగుతుంది, దాన్నే గజపృష్ఠం అంటారు. గర్భగుడి నేల మట్టానికి దిగువన ఉంటుంది. మెట్లు దిగి కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా నిలబడితే, అయిదడుగుల ముదురు గోధుమరంగు లింగం మీద ఒక మనిషి నిలబడి కనిపిస్తాడు. కుడిచేతిలో తలకిందులుగా వేలాడే పొట్టేలు, ఎడమచేతిలో చిన్న పాత్ర, ఎడమ భుజం మీద గొడ్డలి. కాళ్ళ కింద ఒక యక్షుడు. చేతులు రెండే, జందెం లేదు. మనం ఈనాడు చూసే శివుడి బొమ్మలకు అలవాటు పడ్డ కంటికి ఆ రూపం ఒక్క క్షణం పోల్చుకోరాదు. ఇది క్రీస్తు పూర్వం నాటిదని చాలామంది పండితులు అంటారు, తరువాతిదని అనేవారూ ఉన్నారు. 1911 ప్రాంతంలో టి.ఎ. గోపీనాథరావు దీన్ని పండిత లోకానికి చూపించారు. 1973లో పురావస్తు శాఖ తవ్వినప్పుడు లింగం చుట్టూ రాతి కంచె పూర్తిగా బయటపడింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం గోడల మీది అక్షరాలు. పల్లవుల, బాణుల, చోళుల కాలపు తమిళ శాసనాలవి. అవి ఈ ఊరిని గుడిమల్లం అనవు, తిరువిప్పిరంబేడు అంటాయి. బోర్డు మీద ఒక పేరు, రాతి మీద ఇంకొక పేరు. అక్కడి పెద్దాయన ఒకరు మూడో మాట చెప్పారు: అరవై ఏళ్ళకొకసారి నేల అడుగు నుంచి నీళ్ళు ఉబికి స్వామిని అభిషేకించి పోతాయట. మూడింటిలో ఏది వదిలేసినా గుడిమల్లం సగమే చూసినట్టు. బోర్డు చదివి ఫొటో తీసుకుని పది నిమిషాల్లో వెళ్ళిపోయిన రెండు కుటుంబాలను చూశాం. వారిని ఆపి ఆ గోడ దగ్గరికి తీసుకురావాలనిపించింది.

సాయంత్రం తిరుచానూరు పక్కనే ఉన్న యోగిమల్లవరం వెళ్ళాం. పద్మావతి అమ్మవారి గుడికి వచ్చే వేలమందిలో ఇటు తిరిగేవారు అరుదు. పరాశరేశ్వరాలయం చోళుల కాలపు కట్టడం. అధిష్ఠానం చుట్టూ, అంటే గోడ మొదట్లో పట్టీల్లా తిరిగే రాతి వరుసల మీద, తమిళ అక్షరాలు బారులు తీరి ఉన్నాయి. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది కనుక ఒక్కొక్క గీతా నీడతో సహా లేచి నిలబడింది. అదే గోడను మధ్యాహ్నం చూస్తే నున్నని రాయే. మామయ్య సంచిలో ఎప్పుడూ చిన్న టార్చి ఉంటుంది. వెలుతురు లేని చోట దాన్ని రాయి పక్కన పెట్టి గోడ వెంబడి వేస్తారు. సుద్దపొడి, పిండి రాయడం తప్పు, వాటి వల్ల అక్షరం అంచు అరుగుతుంది. నకలు కావాలంటే తడి కాగితం రాతికి అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా అద్దే పద్ధతి ఉంది, కానీ అది అనుమతి ఉన్న శాసన పరిశోధకుల పని. మనకు టార్చి, ఫోను చాలు.

రెండో రోజు శ్రీనివాసమంగాపురం, చంద్రగిరి. తిరుపతి నుంచి ఆర్టీసీ బస్సులు తరచుగా ఉన్నాయి, కారు అక్కరలేదు. మంగాపురంలో అన్నమయ్య మనుమడు తాళ్ళపాక చిన తిరుమలాచార్యులు గుడిని బాగుచేయించి పూజలు మళ్ళీ మొదలుపెట్టించిన సంగతి 1540 నాటి శాసనం చెబుతుంది. అన్నమయ్య కీర్తనలు పాడుతూ పెరిగిన ఇంట్లో పుట్టినందుకేమో, ఆ పేరు రాతి మీద ఉందన్న ఊహకే నా గొంతు పట్టేసింది.

చంద్రగిరి కోట గురించి అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. రాజమహల్‌లోని మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, రోజు చూసుకుని వెళ్ళండి. తోట, నీడ, మరుగుదొడ్లు అన్నీ బాగున్నాయి. పిల్లలు, పెద్దవారు ఉన్న కుటుంబాలకు ఈ మూడు రోజుల్లో ఇదే సుఖమైన చోటు. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు తీరంలో చోటిచ్చాడు, 1645లో చంద్రగిరి రాజధానిగా ఉన్న విజయనగర వంశపు మూడవ శ్రీరంగరాయలు దాన్ని ఖాయపరిచాడు. చెన్నపట్నం అన్న పేరు ఈ వేంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుడిదే. ఒక మహానగరం పుట్టుకకు సంబంధించిన మాట ఈ గడ్డ మీద నడిచిందన్న సంగతి మహల్ మెట్ల దగ్గర పెద్ద అక్షరాల్లో తెలుగులో ఉంటే ఎంత బాగుంటుందో. మ్యూజియంలోని రాళ్ళు చక్కగా, శుభ్రంగా ఉన్నాయి. అయితే గాజు వెనక, నంబరు వేసి నిలబెట్టిన రాయి ఏ చెరువు గట్టు మీద, ఏ పొలిమేరలో నిలబడి ఉండేదో ఊహించుకోవడం నాకు చేతకాలేదు.

అక్కడి నుంచి వస్తూ దారిలో ఒక చిన్న గుడిలో ఆగాం, పేరు చెప్పను. శాసనం ఉన్న గోడకు ఈమధ్యే చిక్కటి రంగు వేశారు. మామయ్య ఆ రంగు మీద వేళ్ళు పెట్టి, కింద అక్షరం గాడి తగులుతుందేమోనని వెతికారు. అయిదు నిమిషాల తరువాత చేయి తీసేశారు. బస్సులో తిరుపతి చేరేదాకా ఆయన ఏమీ మాట్లాడలేదు.

మూడో రోజు వేరే డ్రైవరును మాట్లాడుకుని చిత్తూరు వైపు వెళ్ళాం. దామలచెరువు మామిడి మండీకి పేరుపడింది. 1740 మేలో రఘోజీ భోంస్లే తెచ్చిన మరాఠా సేనతో పోరాడి ఆర్కాటు నవాబు దోస్త్ అలీఖాన్ ప్రాణాలు విడిచింది ఇక్కడి కొండ కనుమ దగ్గరే. ఆ ఓటమి తరువాత కర్ణాటక అని అప్పట్లో పిలిచిన ఆర్కాటు నవాబుల సీమలో రాజకీయమే మారిపోయింది. దారి పక్కన దాని గుర్తుగా ఏదైనా రాయి ఉంటుందని రెండు వైపులా చూసుకుంటూ నెమ్మదిగా వెళ్ళాం. మాకు కనబడినవి మామిడికాయల లారీలు, పసుపు తల మైలురాళ్ళు. చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలో 1782 డిసెంబరులో హైదర్ అలీ కన్నుమూశాడు. అక్కడ ఆగితే పొద్దు చాలదని వదిలేశాం, దానికోసం మళ్ళీ రావాలి. చిత్తూరులో ఉండడానికి గది బస్టాండు దగ్గరే దొరుకుతుంది, కానీ తిరుపతిలో ఉన్నన్ని రకాలు లేవు. భోజనం మాత్రం ఇక్కడే బాగుంది: రాగిసంగటి, ఊరిబిండి, పైన నెయ్యి.

పలమనేరు దాటి పుంగనూరు వైపు వెళితే వీరగల్లుల సీమ. తొమ్మిదో శతాబ్దంలో బాణులు, వైదుంబులు, నొళంబులు అనే రాజవంశాలవారు తలపడిన సోరేమడి యుద్ధం పేరు ఈ ప్రాంతపు రాళ్ళ మీద కనిపిస్తుంది. మేము ఆగిన ఊళ్ళో చెరువు కట్ట మీద, వేపచెట్టు కింద ఒక రాయి సగం భూమిలో కూరుకుపోయి ఉంది. బోర్డు లేదు, కంచె లేదు. ముందుకు అడుగు వేస్తున్న మనిషి, చేతిలో కత్తి, నడుముకు బిగించిన బట్ట మడతలు. ముఖం పసుపు, కుంకుమలతో నిండిపోయి ముక్కు ఆనవాలు మాత్రం మిగిలింది. తల పక్కన రెండు వరుసల అక్షరాలు.

గొర్రెలు కాసుకుంటున్న పెద్దాయన దగ్గరికి వచ్చారు. పశువులను కాపాడబోయి చనిపోయినాయన అని, సంక్రాంతి పశువుల పండుగకు ఇక్కడ పొంగలి పెడతామని చెప్పారు. “ఏం రాసుందయ్యా దాని మీద? మా తాత కాలం నుంచి ఎవరూ చదవలేదు” అని అడిగారు.

మామయ్య మోకాళ్ళ మీద కూర్చుని టార్చి పక్కగా వేశారు. చాలాసేపు పట్టింది. “అమ్మాయ్, ఇటు రా, ఈ మొదటి అక్షరం చూడు” అన్నారు. స కింద వత్తు. తరువాత మళ్ళీ ఒక వత్తు. మా ఇద్దరికీ కలిపి తెలిసింది మొదటి రెండు మాటలే: స్వస్తి శ్రీ. మిగిలినది అరిగిపోయింది.

“స్వస్తి శ్రీ అని మొదలవుతుందండీ. శుభం కలగాలని” అన్నాను.

ఆయన రెండుసార్లు పలికి చూసుకున్నారు. తరువాత కాగితం మీద రాసి ఇమ్మన్నారు. డైరీలో పేజీ చింపి పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, మనవడు బడి నుంచి వచ్చాక చూపిస్తానని చెప్పి గొర్రెలను మళ్ళించుకుని వెళ్ళారు.