పారిపోయే విలనా, చచ్చి తిరిగొచ్చే విలనా, మనం చెయ్యెత్తలేని విలనా: ఏది మేలు?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే కథల ఆటలో క్యాంపెయిన్ నడిపే ప్రతి డీఎంకీ, అంటే కథ చెప్తూ విలన్లని ఆడించేవాడికి, ఉండే ఆశే ఇది, మన విలన్ పేరెత్తితే చాలు టేబుల్ చుట్టూ ఉన్నోళ్ళందరూ పళ్ళు నూరాలి, "ఈడు మళ్ళీ దాపురించాడ్రా" అనాలి. చిక్కేంటంటే డీ అండ్ డీలో పార్టీకి, అంటే ప్లేయర్ల జట్టుకి, నలుగురుంటే విలన్ ఒక్కడు, రౌండ్‌కి వాళ్ళవి నాలుగు టర్న్‌లు వీడిది ఒకటి, ఎన్ని హిట్ పాయింట్లు (దెబ్బలు తట్టుకునే లెక్క) రాసిచ్చినా ఒంటరిగా నిలబడితే మూడో రౌండ్‌కి చాప చుట్టేస్తాడు. మరి అలాంటోడిని మళ్ళీ మళ్ళీ ఎలా తేవడం? మా రాయగడ బ్యాచ్‌లో సగం తెలుగోళ్ళం సగం ఒడియావాళ్ళం, భాష ఏదైనా గొడవ మాత్రం ఇదే. మేం పురాణాల్లోంచే పేర్లు పెట్టేసుకున్నాం, మారీచుడి టైపు, జయవిజయుల టైపు, శిశుపాలుడి టైపు అని. నా ఓటు శిశుపాలుడికే, ఎందుకో చెప్తా.

మారీచుడంటే తన్నులు తిని ఎగిరిపోయేవాడు. కొత్త డీఎంలు ముందు పట్టుకునేది వీణ్ణే. డైమెన్షన్ డోర్ అనే మాయమయ్యే మంత్రం ఇచ్చేస్తే 500 అడుగుల అవతల తేల్తాడు కదా అనుకుంటారు. కానీ పార్టీ ఐదో లెవెల్‌కి రాగానే విజార్డ్ (మంత్రగాడి పాత్ర) చేతికి ఎదుటోడి మంత్రాన్ని ఆపే కౌంటర్‌స్పెల్ వస్తుంది, 60 అడుగుల్లోపు కనిపించాడంటే ఆ స్పెల్‌ని అక్కడే ఆపేసే ఛాన్స్ ఉంది. అప్పుడు డీఎం ఏం చేస్తాడు, స్క్రీన్ వెనక డైస్ వేసి "అయ్యో, నీ కౌంటర్‌స్పెల్ ఫెయిలయ్యింది" అంటాడు. ఒకసారి నమ్ముతారు. రెండోసారి మొహాలు చూసుకుంటారు. ఇక ఆ తర్వాత నిజంగా ఫెయిలైనా ఎవడూ నమ్మడు, విలన్ మీద పుట్టాల్సిన కోపం డీఎం మీద పుడుతుంది.

అలాగని మారీచుణ్ణి కొట్టిపారెయ్యలేం. రాముడి బాణం వాణ్ణి నూరు యోజనాల అవతల సముద్రంలో పడేసింది, కానీ తర్వాత రావణుడి దగ్గర కనబడేది పాత మారీచుడు కాదు, రత్నం రథం లాంటి 'ర'తో మొదలయ్యే మాట వినబడ్డా వణికిపోయేవాడు. అక్కడుంది కిటుకు. పారిపోయినోడు అదే ధీమాతో తిరిగొస్తే బోర్, పార్టీ చేసిన దెబ్బ ఒంటి మీదో బుర్రలోనో కనిపించాలి. పార్టీలో మోటు వీరుడు బార్బేరియన్ వాడి చెయ్యి నరికాడా, తిరిగొచ్చేటప్పుడు ఇనప చెయ్యి పెట్టుకుని రానీ, బార్బేరియన్ కనపడగానే ఓ అడుగు వెనక్కెయ్యనీ. ఇంకోటి, పారిపోయే దారి ఫైట్ మొదలవ్వకముందే టేబుల్ మీద కనపడాలి, రేవులో పడవ కట్టి ఉందనో కోట వెనక గుర్రం ఉందనో. ప్లేయర్లు ముందే వెళ్ళి ఆ పడవకి బొక్క పెట్టేసారనుకో, అంతే, వాడు దొరికిపోవాలి. అప్పటికప్పుడు రెండో పడవ పుట్టకూడదు.

జయవిజయులది ఇంకో తరహా, చచ్చి మళ్ళీ పుట్టడం. ఒకే ఇద్దరు హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, ఆఖర్న శిశుపాల దంతవక్త్రులుగా వచ్చారు. గేమ్‌లో దీనికి రూల్సే ఉన్నాయి. 2014 రూల్స్‌లో లిచ్‌ని (చావుని దాటిన మంత్రగాణ్ణి) చంపినా వాడి ప్రాణం దాచుకున్న ఫైలాక్టరీ మిగిలుంటే పది ముఖాల డైస్ వేసి ఎంత పడితే అన్ని రోజుల్లో కొత్త శరీరంతో లేస్తాడు. రాక్షస అనే జీవి కూడా అంతే, మన పేరే పెట్టుకుని అరచేతులు వెనక్కి తిప్పేసారు గానీ ఐడియా మాత్రం బాగుంది, మన లోకంలో చస్తే నరకంలో మళ్ళీ ఒళ్ళు కట్టుకుని, పాత జన్మ అంతా గుర్తుపెట్టుకుని, చంపినోడిని వెతుక్కుంటూ వస్తాడు. డీఎంకి శ్రమ తక్కువ, చీటింగ్ అన్న మాటే రాదు. కానీ "ఎలాగూ తిరిగొస్తాడు కదా, మరెందుకు చంపాం" అని ఒక్కడు అన్నాడంటే టేబుల్ చల్లారిపోతుంది. దీన్ని క్యాంపెయిన్‌కి ఒక్కసారి వాడితే చాలు. ఆ తర్వాత కథ ఫైలాక్టరీ వేట మీదకి పోవాలి.

ఇక మన శిశుపాలుడు. కృష్ణుడు కొట్టలేక కాదు ఊరుకుంది, నూరు తప్పులు కాస్తానని వాడి తల్లికి మాటిచ్చాడు కాబట్టి. కత్తి చేతిలోనే ఉంటుంది, ఎత్తలేం. ఇలాంటి విలన్‌కి నాలుగొందల హిట్ పాయింట్లు అక్కర్లేదు, పన్నెండున్నా చాలు. మా గేమ్‌లో ఒకడున్నాడు, నది రేవు గుత్తదారు, పడవలన్నీ వాడివే, రాజముద్ర వాడి దగ్గరే, పార్టీలో దేవుడి మంత్రాలేసే క్లెరిక్ గుడికి అన్నదానం పెట్టేదీ వాడే. వాణ్ణి చంపితే ఒక్క రౌండ్ పని, కానీ అవతలి ఒడ్డుకి దాటించేవాడుండడు, ఊరు తలుపులేసుకుంటుంది. కాబట్టి మాట్లాడాలి, బేరమాడాలి, వాడింట భోజనం చెయ్యాలి, పళ్ళు నూరుకుంటూ. అదీ మనకి కావాల్సింది.

బోర్డర్ జిల్లాల వాళ్ళకి ఇలాంటి జాగా ఊహించుకోవడం కష్టమేం కాదులెండి. కొరాపుట్ వైపు కొటియా ఊళ్ళని ఒడిశా మావే అంటుంది, ఆంధ్రా మావే అంటుంది, 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు కూడా పెట్టింది. ఊళ్ళోవాళ్ళ కష్టాలు వాళ్ళవి, వాటితో ఆట వద్దు, ఆ మ్యాప్ ఒక్కటే అరువు తెచ్చుకోండి. రెండు రాజ్యాలూ మాదే అనే లోయలో విలన్‌ని కూర్చోబెడితే ఎవరి సైన్యం అడుగుపెట్టినా యుద్ధమే, పార్టీకి రాజు పర్మిషన్ రాదు.

దీంట్లో ఇబ్బంది లేదా అంటే ఉంది, డీఎంకి మాట ఆడాలి. గంజాం ప్రహ్లాద నాటకం చూసినోళ్ళకి తెలుస్తుంది, మెట్ల మెట్ల వేదిక ఎక్కి హిరణ్యకశిపుడు రాత్రంతా గర్జిస్తుంటే ఆఖర్న నరసింహుడొస్తాడని పిల్లలకి కూడా తెలుసు, అయినా ఎవడూ లేచి పోడు. అంత గొంతు అందరికీ ఉండదు. లేనోళ్ళు ఒక అలవాటు మాట పెట్టండి చాలు, మా గుత్తదారు అందరినీ "బాబూ, బేగి రండి" అంటాడు, ఆ ఒక్క మాటకే మా రోగ్ (దొంగ పాత్ర) కత్తి మీద చెయ్యేస్తాడు. ఫైట్లు తప్ప ఇంకేం వద్దనే బ్యాచ్ అయితే మాత్రం వీడు పనికిరాడు, మారీచుడితోనే సర్దుకోండి.

కృష్ణుడు చక్రం ఎత్తిన ఆ నూటొకటో తప్పు లాంటిది ఏదో మాత్రం ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి, రాజముద్ర పోవడమో గుడి పూజారి నోరు విప్పడమో, ప్లేయర్లు కష్టపడి తేగలిగేదై ఉండాలి. అది జరిగిన సెషన్‌లో టెలిపోర్ట్‌లు, దొంగ శవాలు, కవల తమ్ముళ్ళు ఏమీ పెట్టకండి. ఎవరి టర్న్ ముందో తేల్చే ఇనిషియేటివ్ డైస్ వెయ్యమనండి, డైస్ అందరి ముందూ వెయ్యండి.