రూజ్‌వెల్టా, ఐసెన్‌హోవరా: ఎవరి పద్ధతి మేలు?

అమెరికా రాజకీయాల గురించి రాసినప్పుడల్లా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: అధ్యక్షుడు అన్నీ తన గుప్పిట్లో పెట్టుకోవాలా, పనులు పంచేసి పైనుంచి చూసుకోవాలా? మొదటిదానికి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, రెండోదానికి ఐసెన్‌హోవర్. ఇంతకంటే మంచి జోడీ నాకు దొరకలేదు.

రూజ్‌వెల్ట్ ఒకే పని ఇద్దరికి అప్పగించి, వాళ్ల గొడవ చూస్తూ కూర్చునే రకం. ఉపాధి పనుల డబ్బు కోసం ఆయన మంత్రి ఇకీస్, సహాయ పనులు చూసే హాప్కిన్స్ ఏళ్ల తరబడి కీచులాడుకున్నారు. ఇకీస్‌కి ఆచితూచి కట్టే ఆనకట్టలు, వంతెనలు కావాలి. హాప్కిన్స్‌కి కూలి డబ్బు వెంటనే జనం చేతికందాలి. ఒకరిమీద ఒకరు చెప్పే చాడీల్లోంచే అధ్యక్షుడికి అసలు సంగతులు తెలిసిపోయేవి. గడుసుతనమే! పైగా రేడియోలో జనంతో నేరుగా మాట్లాడే ఆ గొంతు ఐసెన్‌హోవర్‌కి ఎక్కడిది?

ఐసెన్‌హోవర్‌ది మిలిటరీ పద్ధతి. వైట్‌హౌస్ లోపలి పనంతా చీఫ్ ఆఫ్ స్టాఫ్, అంటే సిబ్బందికి పెద్ద, షెర్మన్ ఆడమ్స్ చూసేవాడు, జాతీయ భద్రతా మండలి దాదాపు వారం వారం కూర్చునేది. చూడ్డానికి చప్పగా ఉంటుంది.

నాకు మాత్రం ఆ కుర్చీలో మనిషి లేని రోజు ఏమైందన్నదే లెక్క. 1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ పోయాడు. 82 రోజులుగా ఉపాధ్యక్షుడిగా ఉన్న ట్రూమన్‌కి అణుబాంబు వివరాలు ఎవరూ చెప్పలేదు. ప్రమాణం చేసిన సాయంత్రం యుద్ధ మంత్రి స్టిమ్సన్ పక్కకు పిలిచి, పెద్ద ఆయుధమొకటి తయారవుతోందని రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోయాడు. మిగతాది 25న. అదీ యుద్ధం నడుస్తుండగా!

1955 సెప్టెంబర్ 24న డెన్వర్‌లో ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చింది. నెలన్నర పైగా ఆస్పత్రిలోనే. ఆడమ్స్ డెన్వర్ చేరి కాగితాలు చూసుకున్నాడు. వాషింగ్టన్‌లో క్యాబినెట్ సమావేశాలు ఉపాధ్యక్షుడు నిక్సన్ నడిపాడు, అధ్యక్షుడి కుర్చీలో కాదు, తన మామూలు కుర్చీలోనే కూర్చుని. పని ఆగలేదు.

లోపం లేదనను. అంత అధికారం ఒక్కడి చేతిలో పెడితే ఏమవుతుందో ఆడమ్స్ కథే చెబుతుంది. ఒక వ్యాపారి ఇచ్చిన కోటు, ఇతర కానుకలు తీసుకున్న గొడవలో 1958లో రాజీనామా చేశాడు.

కెనడీ వస్తూనే ఐసెన్‌హోవర్ కమిటీలు చాలావరకు ఎత్తేశాడు. మూడు నెలలకే బే ఆఫ్ పిగ్స్, అంటే క్యూబా మీద చేయించి బోల్తాపడిన దాడి. రీగన్ మొదట్లో వైట్‌హౌస్ పని ముగ్గురికి పంచి చూశాడు, ఫర్వాలేదు. కార్టర్ రెండున్నరేళ్లు చీఫ్ ఆఫ్ స్టాఫ్ లేకుండానే నెట్టుకొచ్చి, చివరికి 1979 జూలైలో ఒకరిని పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏ అధ్యక్షుడూ ఆ పదవి లేకుండా పని మొదలుపెట్టలేదు.