8 అంగుళాల సైకిల్ గుంటక: మా అలసంద చేన్లో ఒక సీజన్

పోయిన ఖరీఫ్‌లో అనంతపురంలో ఒక వెల్డింగ్ షాపులో కొన్న, సాళ్ల మధ్య కలుపు తీసే సైకిల్ గుంటక ఇది. పాత సైకిల్ చక్రం, ఇనుప పైపు హ్యాండిల్, వెనకాల 8 అంగుళాల బ్లేడు. 2,600 తీసుకున్నారు. మాది కళ్యాణదుర్గం వైపు ఎర్రనేల, ఎకరా అలసంద. కలుపుకు కూలీలు దొరకడం గగనమైపోయింది, అందరి చేన్లకూ ఒకే వారంలో కావాల మరి. కలుపు మొలవకుండా పెండిమిథాలిన్ మందు కొడదామంటే విత్తిన రోజో మర్నాడో, నేల తడిగా ఉన్నప్పుడే కొట్టాలి. మాకు ఆ తడి నిలవలేదు.

ట్రాక్టర్ అతను వేరుశనగకు పెట్టిన విత్తే గొర్రును మార్చకుండానే అర ఎకరం విత్తేశాడు. సాలుకూ సాలుకూ 12 అంగుళాలు. నేను పోయి అరిస్తే మిగతా సగం 18కి మార్చాడు. మొదటి సగానికి 8 కిలోల విత్తనం పోయింది, రెండో సగానికి 4.

మా అత్త గట్టు మీద నిలబడి, "మూర లేని సాల్లో చక్రం యాడ తిప్పుతావ్ మే?" అనింది. అన్నట్టే అయింది. 20 రోజులకు ఆకులు విచ్చుకున్నాయి. 12 అంగుళాల సాల్లో బ్లేడుకు అటు రెండు, ఇటు రెండు అంగుళాలే మిగులు. చెయ్యి కాస్త వణికితే మొక్క తెగిపోయేది. పది గజాలకే వదిలేశా. అక్కడ చేత్తో కలుపు తీయించేసరికి నెల దాటింది.

18 అంగుళాల సాల్లో మాత్రం గుంటక బాగా పనిచేసింది. వాన వెలిసిన మూడో రోజు, మట్టి చేతికి అంటకుండా పొడిపొడిగా రాలేటప్పుడు తోలాలి. వేలి మందాన పైమట్టి తెగి, గడ్డి మొలకలు వేళ్లతో సహా పైకొచ్చి ఎండలో వాడిపోయాయి. వాన తర్వాత పైన కట్టే గట్టి పొర కూడా పగిలింది, కింద తడి నిలిచింది. తుంగకు మాత్రం ఇది పనికిరాదు, గడ్డ కిందే ఉంటుంది కదా, వారానికి మళ్లీ లేస్తుంది. సాల్లో మొక్కల మధ్య కలుపు కూడా చేత్తోనే పీకాలి. విత్తిన 15 రోజులకు ఒకసారి, 28 రోజులకు ఇంకోసారి తోలి, తీగ సాగాక ఆపేశాం.

ఆగస్టులో వాన మొహం చాటేసింది. ఒత్తుగా ఉన్న సగమే ముందు వాడింది. చివరికి తూకమేస్తే ఇరుకు సగంలో 84 కిలోలు, వెడల్పు సగంలో 117. తేడా మొత్తం ఒత్తుదనం వల్లే అనను, ఇరుకు సగంలో కలుపు తీయడం కూడా ఆలస్యమైంది. కానీ వెడల్పు సగంలో మొక్కలు తక్కువైనా ఒక్కో మొక్కకు కొమ్మలు బాగా పోయి కాయ పట్టింది.

షాపు మీద ఫిర్యాదు ఒకటే. హ్యాండిల్ మా ఆయన ఎత్తుకు వెల్డింగ్ చేసిచ్చారు, కిందికీ పైకీ జరగదు. నేను తోలితే సాయంత్రానికి భుజాలు పట్టేసేవి. బ్లేడు బోల్టు కూడా రెండుసార్లు ఊడి చేన్లో పడిపోయింది. రెండోది దొరకనే లేదు.

ఈసారి ట్రాక్టర్ రాకముందే గొర్రు మీద సుద్దముక్కతో మా అత్త మూర కొలిచి గీతలు పెట్టాం. తర్వాత టేపు పెట్టి చూస్తే 17 అంగుళాలే వచ్చింది. ఆమెకు చెప్పలేదు.