1946 సెస్నా 140: ఖాళీ బరువుతో కాపురం

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు రెండో ఇల్లు కొంటుంటే నేను 1946 నాటి సెస్నా 140 అనే చిన్న విమానం కొన్నాను. ఏళ్ల తరబడి నడిపాక దీని గురించి ముందుగా చెప్పాల్సింది వేగమో, తోకచక్రం మీద ల్యాండింగో కాదు, బరువు. రెండు సీట్లు, 85 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్, గరిష్ఠ బరువు 1,450 పౌండ్లు, అంటే దాదాపు 658 కిలోలు. విమానం, మనం, ఇంధనం, సంచులు అన్నీ అందులోనే సర్దుకోవాలి.

కొత్తలో దీని ఖాళీ బరువు, అంటే మనుషులు, ఇంధనం, సంచులు లేకుండా ఒట్టి విమానం బరువు, 890 పౌండ్లని కంపెనీ చెప్పుకునేది. తర్వాత ఒక్కో యజమాని ఒక్కో రేడియో బిగించాడు, పాత రంగు గీకకుండానే కొత్త రంగు కొట్టాడు. చాలామంది రెక్కల మీది గుడ్డ తీసేసి, దానికంటే బరువైన అల్యూమినియం రేకు వేయించారు. నావి ఇంకా గుడ్డ రెక్కలే, అదృష్టం. మార్పు జరిగినప్పుడల్లా మెకానిక్ కాగితం మీద కూడికలు, తీసివేతలు చేస్తాడు తప్ప విమానాన్ని మళ్లీ తూచడం అరుదు. సొంతానికి వాడుకునే చిన్న విమానాన్ని ఇన్నేళ్లకోసారి తూచాలన్న నిబంధన అమెరికాలో లేదు. ఒక పౌండు లోపు మార్పును అసలు పట్టించుకోనక్కర్లేదు. అలాంటివి ఎన్ని పోగయ్యాయో దేవుడికే తెలియాలి.

నా విమానం కాగితాల్లో 941 పౌండ్లు. ట్యాంకులు ఖాళీ చేసి, తోక లేపి లెవెల్ చేసి, మూడు కాటాల మీద నిలబెట్టి తూయిస్తే 984. కొన్ని వందల డాలర్లయింది. ఈ విమానం మీద నేను పెట్టిన ఖర్చుల్లో దీనికి మించి పనికొచ్చింది ఇంకోటి లేదు.

తర్వాత బరువు తగ్గించే పని మొదలుపెట్టాం. వెంచురీతో (బయట బిగించిన, గాలి పీల్చే గొట్టంతో) తిరిగే పాత గైరో పరికరాలు, పనిచేయని రేడియో, దాని ట్రే, ఎక్కడికీ వెళ్లని వైర్లు, నీళ్లు పీల్చుకున్న కార్పెట్ తీసేశాం. తేలిక స్టార్టర్, తేలిక బ్యాటరీ వేశాం. మొత్తం 31 పౌండ్లు తగ్గింది. డబ్బు పెట్టి కొన్న స్టార్టర్, బ్యాటరీల కంటే ఊరికే పీకి పారేసిన చెత్త వల్లే ఎక్కువ తగ్గడం నాకు భలే సంతోషం. ఏది మార్చినా లాగ్‌బుక్‌లో నమోదు, కొన్నింటికి విమానయాన శాఖకు పంపే 337 ఫారం తప్పవు. ఇంకో సంగతి, స్టార్టర్ ముక్కు దగ్గర ఉంటుంది. అక్కడ బరువు తగ్గితే సీజీ, అంటే విమానం గరిమనాభి, వెనక్కి జరుగుతుంది. తోకచక్రం విమానానికి సీజీ ఎంత వెనక్కి పోతే నేల మీద గిర్రున తిరిగిపోయే గుణం అంత పెరుగుతుంది. కాబట్టి ఖాళీ బరువుతో పాటు సీజీని కూడా కొత్తగా లెక్క కట్టించండి.

ఇంజన్ మార్చి వంద హార్స్‌పవర్ పెట్టిస్తే ఎక్కువ మోయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఎక్కడం బాగుంటుంది, నిజమే. గరిష్ఠ బరువు మాత్రం దానంతటది పెరగదు.

ఇప్పుడు 953 పౌండ్లు. యూజ్‌ఫుల్ లోడ్, అంటే మనం ఎక్కించుకోగలిగే బరువు, 497. ట్యాంకులు నింపితే 25 గ్యాలన్లు, గ్యాలన్‌కు 6 పౌండ్ల చొప్పున 150. ఆయిల్‌కి 9. మిగిలిన 338లో ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరు 76 కిలోలు, సంచి లేదు. సామాను అర 80 పౌండ్లు మోస్తుందని ఉంటుంది. ఫుల్ ట్యాంకుతో, పక్కన మనిషితో అది అలంకారమే. అసలు కిటుకు ట్యాంకులోనే ఉంది. 15 గ్యాలన్లే పోస్తే 60 పౌండ్లు చేతికొస్తాయి. ట్యాంకు అడుగున ఉన్నదంతా ఇంజన్‌కు అందుతుందన్న నమ్మకం లేదు కాబట్టి వాడుకోగలిగేది అందులో 11. గంటకు 5 తాగినా, అరగంట రిజర్వు పోను, గంటన్నర ఎగరొచ్చు. పొద్దున్నే వెళ్లి టిఫిన్ చేసి రావడానికి చాలు. అందుకే నేను విమానం దింపగానే ట్యాంకు నింపను. ఎవరు వస్తున్నారో తెలిశాక, గీతలు పెట్టిన కొలకర్ర ముంచి చూసి పోస్తాను.

ఎండాకాలంలో ఈ లెక్క కూడా ఆశావాదమే. 38 డిగ్రీల ఎండలో గాలి పలచబడి మా రన్‌వే మూడు వేల అడుగులు దాటిన ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. 1,450కి సరిపోయినా నేను మధ్యాహ్నం పూట 1,350 దాటను.

మనవాళ్లతో చిన్న ఇబ్బంది. ఇంటికొచ్చిన బావగారిని "మీ బరువెంత?" అని అడగాలంటే మొహమాటం, అడిగితే పెళ్లినాటి బరువు చెప్తారు. హ్యాంగర్‌లో బాత్‌రూమ్ కాటా ఒకటి పడేశాను. ముందు నేను ఎక్కుతాను, తర్వాత ఎవరూ ఏమీ అనుకోరు.

2025 అక్టోబర్ నుంచి స్పోర్ట్ పైలట్లకు (చిన్న, తేలిక విమానాలకే పరిమితమైన లైసెన్సు ఉన్నవాళ్లకు) విమానం గరిష్ఠ బరువు మీద పాత 1,320 పౌండ్ల హద్దు పోయింది కాబట్టి వాళ్లు కూడా 140 వైపు చూస్తున్నారు. కొనేముందు అమ్మేవాణ్ని రెండు అడగండి: ఆఖరిసారి నిజంగా కాటా ఎక్కించింది ఎప్పుడు, రెక్కలు గుడ్డవా రేకువా? 'కాగితాల్లో ఉంది కదా' అంటే బేరంలో తూకం ఖర్చు కలుపుకోండి. ఇద్దరూ 90 కిలోలు దాటిన దంపతులైతే ఇది మీ విమానం కాదు, సెస్నా 150 కూడా కాదు. దాని గరిష్ఠ బరువు 1,600 అయినా నేను చూసిన 150లు ఖాళీగానే 1,100 దగ్గర తూగాయి.